నలభై మూడో ఏట తెరకెక్కిన గొల్లపూడి

కోడి రామకృష్ణ దర్శకుడిగా తీసిన మొదటి సినిమా ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’ 1982లో వచ్చింది. చిరంజీవి, మాధవి జంట. నిర్మాత కె. రాఘవ. అంతకు పదేళ్ల ముందు ‘తాత మనవడు’తో దాసరి నారాయణరావుకు దర్శకత్వం అప్పజెప్పింది కూడా ఆయనే. కొత్తవాళ్ల మీద డబ్బు పెట్టడం రాఘవకు అలవాటే. ఈసారి దర్శకుడితో పాటు ఒక నటుడు కూడా కొత్తవాడు. సుబ్బారావు అనే వేషం వేసిన ఆ మనిషికి నలభై దాటాయి. కండ లేదు, కోరమీసం లేదు, పళ్లు కొరికి కేకలు పెట్టడం లేదు. మాట్లాడతాడు, అంతే. తీయగా, వరస కలుపుతూ, ఎదుటివాడి మేలు కోరుతున్నట్టే మాట్లాడతాడు. ఆ మాట పూర్తయ్యేసరికి ఎవరి కొంపో అంటుకుని ఉంటుంది.

ప్రేక్షకుల్లో చాలామందికి ఆయన కొత్త ముఖం. సినిమా వాళ్లకు మాత్రం పద్దెనిమిదేళ్లుగా తెలిసిన రచయిత. నాటక సమాజాలకు అంతకంటే పాత మిత్రుడు. రేడియో శ్రోతలకు పేరు విని గుర్తుపట్టే మనిషి. గొల్లపూడి మారుతీరావు నటజీవితం నలభై మూడో ఏట మొదలైందని అనుకుంటాం కానీ, ఆ నటుడు తయారైంది అంతకుముందు పాతికేళ్లలో. అదంతా కాగితం మీద, మైకు ముందు జరిగిన సాధన.

ఆయన పుట్టింది 1939 ఏప్రిల్ 14న, విజయనగరంలో. తెలుగు నాటకం గురించి రాసేవాళ్లెవరికైనా ఆ ఊరి పేరు చెప్పగానే గురజాడ గుర్తుకొస్తారు. ఆయన ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది అక్కడే, 1892లో. అందులోని గిరీశం ఎవరినీ కొట్టడు, కత్తి దూయడు, డబ్బున్నవాడూ కాడు. అతని ఆస్తి నాలుక ఒక్కటే. తెలుగు రంగస్థలం మీద నోటిమాటతో లోకాన్ని బోల్తా కొట్టించే మాయగాళ్లకు అతనే మూలపురుషుడు. గొల్లపూడి తర్వాత వేసిన వేషాల్ని చూస్తే చాలావాటిలో గిరీశం పోలిక కనిపిస్తుంది. కాకపోతే గిరీశానికి ఉన్న సరదా తీసేసి, ఆ జాగాలో నెల జీతం, పెళ్లి కావలసిన చెల్లెలు, పక్కింటివాడి మీద ఏడుపు పెట్టినట్టుంటుంది.

పెరిగిందీ చదివిందీ విశాఖపట్నంలో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణిత భౌతికశాస్త్రంలో ఆనర్స్ చేశారు. అప్పుడు అక్కడ రిజిస్ట్రారుగా ఉన్న కె.వి. గోపాలస్వామికి నాటకమంటే ప్రాణం. విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు కుర్రాళ్లను కూడగట్టి రిహార్సల్స్ చేయించడం ఇవాళ నమ్మశక్యం కాని సంగతి. ఆ రోజుల్లో వాల్తేరు కొండ మీద అది మామూలుగా జరిగేది. గొల్లపూడి టీనేజి దాటకుండానే రాఘవ కళా నికేతన్ పేరుతో సొంత సమాజం పెట్టి, నాటకాలు ఆడించి, వాటిలో ముఖ్యమైన వేషాలు తానే వేసుకున్నారు. ఆయన రాసిన ‘మనస్తత్వాలు’ విశ్వవిద్యాలయం తరఫున ఢిల్లీ దాకా వెళ్లి, అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో తల్కతోరా ఉద్యానంలో ఆడింది. మొదటి కథ ‘ఆశాజీవి’ అచ్చయింది మాత్రం ఇంకా ముందు, 1954లో, ప్రొద్దుటూరు నుంచి వచ్చే ‘రేనాడు’ పత్రికలో. అప్పటికి ఆయనకు పదహారు కూడా నిండలేదు.

చదువయ్యాక 1959లో ‘ఆంధ్రప్రభ’లో సబ్ ఎడిటర్‌గా చేరి చిత్తూరు వెళ్లారు. అక్కడుండగానే చైనా యుద్ధం వచ్చింది. 1962 శీతకాలంలో దేశమంతా సైన్యం కోసం గాజులు, ఉంగరాలు ఒలిచి ఇస్తున్న వేళ, ఈయన ‘వందేమాతరం’ నాటకం రాసి చిత్తూరు, మదనపల్లె, నగరి ఊళ్లలో ఆడించారు. సుమారు 50,000 రూపాయలు పోగై ప్రధానమంత్రి రక్షణ నిధికి చేరాయి. గుమాస్తా జీతం వందల్లో ఉన్న రోజుల్లో ఒక చిన్న పట్టణపు నాటక బృందం అంత మొత్తం వసూలు చేయడం పెద్ద ఘనతే. యుద్ధవేళ హడావుడిగా పుట్టిన నాటకాలకు సాహిత్య విలువ ఎంతుంటుందన్నది వేరే మాట. రచయితకు మాత్రం జనం ఎక్కడ కదులుతారో, ఎక్కడ కుర్చీల్లో అటూ ఇటూ మసలుతారో చూసుకునే అవకాశం దొరికింది.

తర్వాత రేడియో. దాదాపు రెండు దశాబ్దాల కొలువు అది. హైదరాబాదు, విజయవాడ, ఒడిశాలోని సంబల్‌పూర్, కడప, మద్రాసు కేంద్రాలు తిరిగి, అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టర్ హోదాలో ఉండగా 1981లో రాజీనామా ఇచ్చారు.

గొల్లపూడి నటనను అర్థం చేసుకోవాలంటే ఈ రేడియో కాలం దగ్గర కాసేపు ఆగాలి. ఆ రోజుల్లో తెలుగు నాటకం రెండు కొలిమిల్లో కాలుతుండేది. ఒకటి పరిషత్తు పోటీలు. తెనాలిలో 1929లో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు చూపిన దారిలో ఊరూరా పరిషత్తులు వెలిశాయి. వాటికి కొలిచిన గడువు, ముందు వరసలో న్యాయనిర్ణేతలు, చివరిరోజు షీల్డులు. పద్యనాటకంలా తెల్లవార్లూ సాగడానికి వీల్లేదు. తెర లేచిన అయిదు నిమిషాల్లో గొడవేమిటో తెలియాలి. రెండోది ఆకాశవాణి. అక్కడ తెర కూడా లేదు.

రేడియో నాటకంలో మనిషి గదిలోకి వచ్చాడని చెప్పడానికి అడుగుల చప్పుడో తలుపు కిర్రో వినిపించాలి. దూరం నుంచి పిలుస్తున్నాడంటే నటుడు మైకుకు నాలుగడుగులు వెనక్కి తగ్గి మాట మొదలుపెట్టి నడుస్తూ దగ్గరికి రావాలి. రహస్యం చెప్పాలంటే పెదవులు మైకుకు ఆనినంత దగ్గరగా రావాలి. స్క్రిప్టు కాగితాలు గరగరమంటే అగ్నిహోత్రం ముందు కూర్చున్న వసిష్ఠుడు కూడా గుమాస్తా అయిపోతాడు. అందుకే విడి కాగితాలు పట్టుకుని, చదివినదాన్ని చప్పుడు కాకుండా పక్కకు జారవిడిచేవాళ్లు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు రచయితది. శ్రోతకు ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో, వాళ్లకు అయ్యే వరసేమిటో మాటలోనే తెలియాలి. “ఏం బావా, ఇంత ఎండలో గొడుగైనా లేకుండా బయల్దేరావ్?” అన్న ఒక్క వాక్యంలో చుట్టరికం, వేళ, అవతలివాడి ఆర్థిక స్థితి, మాట్లాడుతున్నవాడి ఎత్తిపొడుపు, నాలుగూ పడాలి. పడినట్టు తెలియకూడదు.

ఇరవై ఏళ్లు ఈ పని చేసినవాడికి, చేయించినవాడికి, వేరేవాళ్ల స్క్రిప్టులు దిద్దినవాడికి మాట బరువు చేతికి తెలిసిపోతుంది. ఎక్కడ గుటక వేయాలో, ఏ అక్షరం దగ్గర సాగదీస్తే మర్యాద కాస్తా వెటకారం అవుతుందో ఆయనకు నోటి లెక్క. ఆయన రాసిన ‘అనంతం’ ఉత్తమ రేడియో నాటకంగా ఆకాశవాణి బహుమతి అందుకుంది. గొల్లపూడి సినిమా డైలాగును కళ్లు మూసుకుని విన్నా పాత్ర పూర్తిగా కనిపిస్తుంది. అది మద్రాసు స్టూడియోల్లో అబ్బిన విద్యలా తోచదు.

కొలువు చేస్తూనే నాటకాలు, నాటికలు విరివిగా రాశారు. ‘రాగరాగిణి’, ‘పతిత’, ‘కరుణించని దేవతలు’, ‘మహానటుడు’, ‘లావాలో ఎర్రగులాబీ’, ‘దొంగగారొస్తున్నారు స్వాగతం చెప్పండి’. పేర్లలోనే ఆనాటి పరిషత్తు గాలి తెలుస్తుంది. కొంచెం ఉద్వేగం, కొంచెం చమత్కారం, బోలెడంత సామాజిక బాధ. అన్నీ ఒక్క ఎత్తున లేవు. బహుమతి కోసం చివరి పది నిమిషాల్లో గొంతు పెంచే అలవాటు ఆ తరం నాటక రచయితలందరికీ ఉంది. ఈయనకూ ఉంది.

వాటిలో నిలబడేది ‘కళ్ళు’. అడుక్కుని బతికే గుడ్డివాళ్ల గుంపు కథ. వాళ్లు ఒకరికొకరు ఆసరా. ఉన్నదంతా కలిపి తమలో ఒకడికి చూపు తెప్పిస్తారు. ఒకడికి కళ్లొస్తే అందరికీ వచ్చినట్టేనని వాళ్ల ఆశ. చూపొచ్చినవాడికి లోకం కనిపిస్తుంది. లోకంతో పాటు డబ్బు, అందం, తనకూ ఈ గుంపుకూ ఉన్న తేడా కూడా కనిపిస్తాయి. ఇక వాళ్లలో ఒకడిగా ఉండలేడు. ఈ కథ చెప్పినంత తేలిక కాదు ఆడటం. వేదిక మీద నలుగురైదుగురు నటులు ఎదుటివాడి ముఖం చూడకుండా మాట్లాడాలి. చెవితో వెతుక్కోవాలి. జవాబు ఎటునుంచి వస్తే అటు తల తిప్పాలి. తెలుగులో ఎంతమంది నాటకకర్తలు చూపే లేని పాత్రలతో నాటకం మొత్తం నడిపారు? చీకట్లో వినపడే గొంతులతో ఇరవై ఏళ్లు గడిపినవాడికే ఇలాంటి నాటకం ఊహకు వస్తుందనిపిస్తుంది.

‘కళ్ళు’ 1988లో సినిమా అయింది. ‘స్వాతిముత్యం’కి కెమెరా పట్టిన ఎం.వి. రఘు దర్శకుడు. శివాజీ రాజా ముఖ్య పాత్ర వేశారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సంగీతం కట్టారు, సిరివెన్నెల సీతారామశాస్త్రి పాట రాయడమే కాక తానే పాడారు. పెద్ద తారల్లేరు, ముగింపులో ఊరట లేదు. నంది అవార్డులు వచ్చాయి. ఇప్పటికీ తెలుగులో వాస్తవిక సినిమాల జాబితా వేస్తే దాని పేరు వదిలేయడం కష్టం.

సినిమాతో ఆయన బంధం నిజానికి 1964లోనే పడింది. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ని అన్నపూర్ణ సంస్థ ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో ‘డాక్టర్ చక్రవర్తి’గా తీసినప్పుడు స్క్రీన్‌ప్లే పనిలో గొల్లపూడి చేయి ఉంది. ఆ ఏడాదే మొదలైన నంది అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా బంగారు నంది గెలిచిన మొట్టమొదటి సినిమా అది. ఆ వెంటనే కె. విశ్వనాథ్ మొదటి సినిమా ‘ఆత్మగౌరవం’కి యద్దనపూడి సులోచనారాణితో కలిసి కథ ఇచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే విశ్వనాథ్ ‘స్వాతిముత్యం’లో ఈయనను చలపతిగా నటింపజేశారు. నడుమ సంవత్సరాల్లో రేడియో కొలువుకు సెలవు పెట్టుకుంటూ కథలు, మాటలు రాస్తూ వచ్చారు. రచయితగా పేరుంది, తెర మీద కనపడాలన్న తొందర లేదు.

‘ఇంట్లో రామయ్య’కి మాటలు రాసిందీ ఆయనే. తాను పలకబోయేది తానే రాసుకునే విలన్ తెలుగు తెరకు అరుదు. నోటితో చంపే ప్రతినాయకులు అంతకుముందు లేరని కాదు. ‘మాయాబజార్’లో సి.ఎస్.ఆర్. శకుని ఉన్నాడు. ‘రక్తకన్నీరు’ నాటకాన్ని ఊరూరా తిప్పిన నాగభూషణం ఉన్నారు. ‘ముత్యాలముగ్గు’ కాంట్రాక్టరుగా రావు గోపాలరావు వ్యంగ్యానికి కొత్త కొలత పెట్టారు. ముగ్గురూ రంగస్థలం నుంచి వచ్చినవాళ్లే. అయితే శకుని వెనక పింగళి, నాగభూషణం వెనక పాలగుమ్మి పద్మరాజు, కాంట్రాక్టరు వెనక ముళ్లపూడి ఉన్నారు. గొల్లపూడి వెనక కొన్నిసార్లు గొల్లపూడే ఉన్నారు.

ఇంకో తేడా కూడా ఉంది. రావు గోపాలరావు విలన్‌కి ఒక హోదా ఉంటుంది, పక్కన బ్యాండు మేళం ఉంటుంది. గొల్లపూడి చెడ్డవాడు మన వీధిలో ఉంటాడు. ఉతికిన చొక్కా, చేతిలో సంచి, పెళ్లికి పిలవకపోతే అలుగుతాడు. అతణ్ని చూసి భయపడటం కంటే మన బంధువుల్లో ఎవరో గుర్తుకొచ్చి ఇబ్బంది పడటం ఎక్కువ. ఎనభైల తెలుగు సినిమాకు అలాంటి మనిషి అవసరం పడింది. మధ్యతరగతి కుటుంబం చుట్టూ కథలు తిరుగుతున్న కాలం. ప్రతి ఇంటికీ ఒక పుల్లలు పెట్టే బాబాయి కావాలి. ‘తరంగిణి’, ‘ఛాలెంజ్’ లాంటివి దాటుకుంటూ లెక్క 250 సినిమాలు దాటింది. వాటిలో చాలావాటికి ఆయన అక్కర్లేదు. ఒకే రకం వేషాన్ని చొక్కా మార్చి ఇచ్చిన నిర్మాతలు కొల్లలు. ఆయనా కాదనలేదు.

కాదనకపోవడం వల్లే ‘సంసారం ఒక చదరంగం’ లాంటిదీ దొరికింది. ఏవీఎం వాళ్లు 1986లో తమిళంలో తీసిన ‘సంసారం అదు మిన్సారం’కి విసు రచయిత, దర్శకుడు, ముఖ్య నటుడు. ఆయనా నాటకాలు రాసి, ఆడి, సినిమాకు వచ్చిన మనిషే. ఏడాది తిరిగేసరికి ఎస్.పి. ముత్తురామన్ దర్శకత్వంలో అదే సంస్థ తెలుగులో తీసింది. విసు వేసిన తండ్రి పాత్ర ఎవరికివ్వాలి? ఆ పాత్ర మొత్తం మాటల మీద నడుస్తుంది. పాట లేదు, ఫైటు లేదు. చేసినవాడికి సంభాషణ లయ తెలియకపోతే సినిమా మునుగుతుంది. అది ఇంకో నాటక రచయితకే దక్కింది.

అందులో గొల్లపూడి అప్పలనరసయ్య. పేరు వింటేనే సింహాచలం కొండ కనపడే ఉత్తరాంధ్ర తండ్రి. పెద్ద కొడుకు శరత్‌బాబు ఇంటికిచ్చే ప్రతి రూపాయికీ లెక్క అడుగుతాడు. తండ్రికి రోషం వస్తుంది. మాటా మాటా పెరిగి ఇంటి నడిమధ్య గీత గీసేస్తాడు. అటు నువ్వు, ఇటు మేము. ఈ గీత గీసే ఘట్టం అచ్చంగా నాటకం కోసం పుట్టింది. ఒకే సెట్టు, పాత్రలన్నీ ఒక్కచోట, నేల మీద ఒక గీత. అది దాటితే ఒక అర్థం, దాటకపోతే ఒక అర్థం. పరిషత్తు నాటికల్లో ఇలాంటివి వందల్లో వచ్చుంటాయి. కెమెరా దగ్గరికి వచ్చినప్పుడు గొల్లపూడి గొంతు తగ్గించారు. రేడియో నేర్పిన చదువు అక్కడ పనికొచ్చింది. కోపం ముదిరినకొద్దీ మాట నెమ్మదిస్తుంది, చివరి అక్షరాలు మింగేస్తారు. అప్పటిదాకా పుల్లలు పెట్టే బాబాయిగా చూసిన మనిషిని జనం తమ నాన్నగా చూశారు.

ఈ దారిన వచ్చినవాడు గొల్లపూడి ఒక్కరే కాదు. రావి కొండలరావు నాటకం రాసి, ఆడి, ‘విజయచిత్ర’ పత్రికలో ఏళ్ల తరబడి పనిచేస్తూ తండ్రులు, మేష్టార్ల వేషాలు వేశారు. ‘జగన్నాథ రథచక్రాలు’ రాసిన ఎం.వి.ఎస్. హరనాథరావు ‘ప్రతిఘటన’కి మాటలు రాశారు, తెర మీదా కనిపించారు. తనికెళ్ల భరణి ‘గార్దభాండం’, ‘గోగ్రహణం’ లాంటి నాటికల నుంచి వచ్చి మాటల రచయితగా కాలు పెట్టి, ‘శివ’లో నానాజీగా స్థిరపడ్డారు. తెలుగు సినిమాలో క్యారెక్టర్ నటుడి వృత్తి చాలాకాలం నాటక రచయితలకు రెండో ఉద్యోగంలా ఉంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. నాటకం అన్నం పెట్టేది కాదు. పరిషత్తులో గెలిస్తే షీల్డు, శాలువా, రానూపోనూ బస్సు ఖర్చు. సినిమాలో రచయితకు డబ్బు వచ్చినా ముఖం ఉండదు. వేషం వేస్తే డబ్బూ ముఖమూ రెండూ ఉంటాయి.

ఈ లావాదేవీలో నష్టపోయింది నాటకమే. గొల్లపూడి పేరు నిలబెట్టే నాటకాలన్నీ దాదాపుగా 1982కి ముందువి. ఆ తర్వాతి ఆయన రాత కాలమ్‌లోకి, నవలలోకి, వ్యాసంలోకి మళ్లింది. ‘జీవన కాలమ్’ ఏళ్ల తరబడి నడిచింది. ‘సాయంకాలమైంది’ నవలలో ఉత్తరాంధ్ర వైష్ణవ కుటుంబం తరాలు మారుతూ చెదిరిపోయే తీరు రాశారు. ఆయన వచనంలో అదే మేలైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆత్మకథకు ‘అమ్మ కడుపు చల్లగా’ అని పేరు పెట్టారు. హెచ్‌ఎం టీవీలో ‘వందేళ్ల కథకు వందనాలు’ పేరుతో తెలుగు కథకుల్ని వరసగా పరిచయం చేస్తున్నప్పుడు, కథ చదివే గొంతు మళ్లీ ఆకాశవాణి రోజుల్లోకి వెళ్లిపోయేది.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. చిన్నకొడుకు శ్రీనివాస్ దర్శకుడిగా మొదటి సినిమా ‘ప్రేమపుస్తకం’ మొదలుపెట్టాడు. కథానాయకుడు అజిత్ కుమార్, అప్పటికి ఎవరికీ తెలియని కుర్రవాడు. 1992 ఆగస్టు 12న విశాఖ తీరంలో చిత్రీకరణ జరుగుతుండగా అల వచ్చి శ్రీనివాస్‌ను లాక్కుపోయింది. మిగిలిన సినిమాను తండ్రి పూర్తి చేశారు. 1993లో విడుదలైంది. తర్వాత కొడుకు పేరిట ఫౌండేషన్ పెట్టి, దేశంలో ఏ భాషలోనైనా తొలి సినిమా తీసిన దర్శకుడికి 1997 నుంచి ఏటా ఆగస్టు 12న మద్రాసులో అవార్డు ఇస్తూ వచ్చారు. ‘తారే జమీన్ పర్’కి ఆమిర్ ఖాన్ అందుకున్నది ఆ అవార్డే.

వయసు మీద పడ్డాక వేషాలు తగ్గించుకున్నారు. క్రిష్ తీసిన ‘కంచె’లో 2015లో కనిపించారు. 2019 డిసెంబరు 12న చెన్నైలో పోయారు. ఎనభై ఏళ్లు. మర్నాటి పత్రికల్లో అచ్చయిన ఫొటోలు ఎక్కువగా సినిమాలవి. ‘సంసారం ఒక చదరంగం’లోని గీత గీసే ఘట్టం టీవీలు తిప్పి తిప్పి చూపించదగ్గదే. ‘కళ్ళు’ నాటకం మాత్రం వేదిక మీద చూసిన తరం తగ్గిపోతోంది. చూపు లేనివాళ్లుగా నటించగల నలుగురైదుగురు కుర్రాళ్లు, రెండు నెలల రిహార్సల్స్ ఉంటే ఇప్పటికీ ఆడుకోగల నాటకం అది. సెట్టు ఖర్చు కూడా పెద్దగా లేదు.